పాలనా పరిశోధనల మ్యాప్‌లో శ్రీకాకుళం, విజయనగరం ఎక్కడున్నాయి?

పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో పరిశోధన మొదలుపెట్టే విద్యార్థికి ఈ మధ్య అందరూ ఇచ్చే సలహా ఒకటుంది. పరిశోధన వ్యాసాల వివరాలు దొరికే స్కోపస్ డేటాబేస్‌లోంచి డేటా దించుకో, దాన్ని మ్యాపుగా గీసే వోస్‌వ్యూయర్ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూడు, ఏ టాపిక్ నడుస్తోందో తెలిసిపోతుంది, దాన్నే పట్టుకో. వేసి చూస్తే నిజంగానే తెర మీద రంగురంగుల చుక్కలు, వాటి మధ్య సన్నటి గీతలు వస్తాయి. ఒక పక్క గవర్నెన్స్, ఇంకో పక్క ఈ-గవర్నమెంట్, ఆ పక్కన ఉద్యోగుల సేవాభావం, నెట్‌వర్కులు, కృత్రిమ మేధ. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో కూర్చుని ఈ బొమ్మ చూసేవాళ్లకి లోకమంతా ఇటే పోతోంది కాబట్టి మనమూ ఇటే పోవాలి అనిపించడం సహజం. కానీ ఈ రెండు జిల్లాల పాలన మీద జరిగిన పెద్ద పరిశోధనలు కూడా ఆ బొమ్మలో దాదాపు కనబడవు. అలాగని జరగలేదా అంటే జరిగాయి, కొన్ని ప్రపంచంలోకెల్లా పేరున్న పత్రికల్లో అచ్చయ్యాయి కూడా. అవి ఎందుకు కనబడటం లేదో తెలియాలంటే ముందు ఈ మ్యాప్ ఎలా తయారవుతుందో చూడాలి.

ఈ పద్ధతిని బిబ్లియోమెట్రిక్స్ అంటారు. 1969లో అలన్ ప్రిచర్డ్ ఈ పేరును వాడుకలోకి తెచ్చాడు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1948లో, గ్రంథాలయాల పనిని గణాంకాలతో కొలవాలని, దాన్ని లైబ్రామెట్రీ అందామని మన ఎస్.ఆర్. రంగనాథన్ ఇంగ్లండ్‌లో జరిగిన ఒక సదస్సులో ప్రతిపాదించాడు. ఈ సంగతి మన క్లాసుల్లో ఇంకా గట్టిగా చెప్పుకోవాలి. ఇక పద్ధతి విషయానికొస్తే, రెండు వ్యాసాలు దగ్గరివని తేల్చడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. రెండు కొత్త వ్యాసాలు ఒకే పాత వ్యాసాన్ని ఉదహరిస్తే అవి దగ్గరివి అనుకోవడం ఒకటి, ఇది 1963లో కెస్లర్ చెప్పిన పద్ధతి. రెండు పాత వ్యాసాలను తర్వాతివాళ్లు కలిపి ఉదహరిస్తూ ఉంటే అవి దగ్గరివి అనుకోవడం రెండోది, 1973లో హెన్రీ స్మాల్ చెప్పింది. మూడోది అన్నిటికంటే తేలిక: ఏ కీవర్డులు ఏ కీవర్డులతో కలిసి వస్తున్నాయో లెక్కపెట్టడం. తేలిక కాబట్టే ఇప్పుడు ఎక్కడ చూసినా కీవర్డుల మ్యాపులే. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన వోస్‌వ్యూయర్ ఉచితంగా దొరుకుతుంది, 2017లో వచ్చిన బిబ్లియోమెట్రిక్స్ (bibliometrix) అనే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ కూడా ఉచితమే, కాబట్టి ఖర్చు సమస్య లేదు. స్కోపస్ నుంచో, అలాంటిదే అయిన వెబ్ ఆఫ్ సైన్స్ నుంచో డేటా దించుకోవడానికి మాత్రం వాటికి చందా కట్టిన యూనివర్సిటీ కావాలి, చిన్న ఊళ్ల కాలేజీల పిల్లలు అక్కడే ఆగిపోతారు.

ఈ మూడు దారులూ ఒకే విషయం చెప్పవని చాలామంది గమనించరు. ఒక వ్యాసం పదిమంది కంట పడి, వాళ్లు మళ్లీ వ్యాసాలు రాసి, అవి అచ్చయ్యేసరికి ఏళ్లు పడతాయి కాబట్టి కలిపి ఉదహరించే లెక్క ఎప్పుడూ గతాన్ని చూపిస్తుంది. కెస్లర్ పద్ధతి ఇప్పుడు రాస్తున్నవాళ్లు ఎలా గుంపులు కడుతున్నారో చూపిస్తుంది. కీవర్డుల మ్యాప్ చూపించేది రచయితలో డేటాబేస్ వాళ్లో వ్యాసానికి పెట్టిన లేబుళ్లనే, లోపల ఏం రాశారో దానికి తెలియదు. మూడింట్లో ఏది వాడినా, దించుకున్న డేటాలో లేని వ్యాసం తనంతట తానుగా లెక్కలోకి రాదు, ఈ-క్రాప్‌లో నమోదు కాని పంటకు పరిహారం రానట్టే.

మ్యాప్ చెప్పే చరిత్ర సివిల్స్‌కి చదివేవాళ్లందరికీ తెలిసినదే, కాబట్టి త్వరగా చూసి పోదాం. 1887లో పాలనను విడిగా ఒక శాస్త్రంగా చదవాలన్న వుడ్రో విల్సన్ వ్యాసం, 1926లో లియొనార్డ్ వైట్ పాఠ్యపుస్తకం, 1937లో గులిక్, ఉర్విక్‌ల సంకలనం, అందులోంచి వచ్చిన పోస్డ్‌కార్బ్, అంటే ప్రణాళిక నుంచి బడ్జెట్ దాకా పాలనాధికారి చేసే పనుల పొట్టిపేరు. 1946లో హెర్బర్ట్ సైమన్ ఆ సూత్రాలన్నీ ఒకదానికొకటి పొసగని సామెతల్లాంటివని తేల్చేశాడు. 1948లో పాలనలో విలువల ప్రశ్న లేవనెత్తిన డ్వైట్ వాల్డో పుస్తకం, 1968లో ఆయన పూనికతో యువ పండితుల మిన్నోబ్రూక్ సదస్సు. 1980లో మైకేల్ లిప్‌స్కీ, కింది స్థాయి ఉద్యోగి తీసుకునే నిర్ణయాలే జనం దృష్టిలో ప్రభుత్వ విధానం అవుతాయని చెప్పాడు. 1991లో క్రిస్టఫర్ హుడ్, ప్రభుత్వాన్ని ప్రైవేటు కంపెనీల పద్ధతుల్లో నడపాలనే న్యూ పబ్లిక్ మేనేజ్‌మెంట్‌కి రూపురేఖలు ఇచ్చాడు. 2015 తర్వాత పౌరుల మీద పడే పాలనా భారం గురించి, 2017 నుంచి మనస్తత్వశాస్త్రం ఆధారంగా చేసే బిహేవియరల్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ గురించి వ్యాసాలు బాగా పెరిగాయి.

ఈ వరసలో ఒక్కచోట మాత్రం ఆగాలి, అమెరికన్ పండితుడు ఫ్రెడ్ రిగ్స్ దగ్గర. థాయిలాండ్, ఫిలిప్పీన్స్ దేశాల ఆఫీసులను దగ్గరగా చూసి, కాగితం మీద నియమం ఒకటి, జరిగేది మరొకటి అయిన పరిస్థితిని 1960లలో ఆయన సిద్ధాంతంగా నిలబెట్టాడు. మండలాఫీసుకి ఒక్కసారి వెళ్లొచ్చినవాళ్లకి కూడా ఆ మాట అర్థమవుతుంది. ఆ రోజుల్లో తులనాత్మక పాలన మీద పనిచేసే బృందానికి ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బులిచ్చేది. 1970ల మొదట్లో ఆ డబ్బు ఆగిపోయింది, బృందం చెదిరిపోయింది, మ్యాపుల్లో ఆ గుంపు చిక్కిపోతూ వచ్చింది. రిగ్స్ అడిగిన ప్రశ్నలకు సమాధానాలు దొరికి ఆ గుంపు తగ్గలేదు. ఒక టాపిక్ పడిపోతున్నట్టు గ్రాఫ్ చూపిస్తే, ఆ విషయం పాతబడిందని రాసే ముందు దానికి డబ్బు ఎవరిస్తున్నారు, ఎప్పుడు ఆపారు అని కనుక్కోవాలి. ఈమధ్య వ్యాసాలకైతే నిధుల వివరాలు కూడా అదే డేటాబేసుల్లో ఒక కాలమ్‌గా ఉంటాయి, అయినా వాటిని చూసేవాళ్లు తక్కువ.

మన దేశంలో ఈ శాస్త్రం నడిచిన దారి వేరు. 1953లో మన పాలన మీద అమెరికన్ నిపుణుడు పాల్ ఆపిల్‌బీ ఇచ్చిన నివేదిక, దాని వెంట 1954లో ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, 1955లో దాని పత్రిక. 1959లో పంచాయతీరాజ్, ఆంధ్రప్రదేశ్ అప్పుడు రాజస్థాన్ వెంటనే మొదలుపెట్టింది. 1966లో మొదటి పరిపాలనా సంస్కరణల కమిషన్, పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇస్తూ 1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, 2005లో సమాచార హక్కు, ఉపాధి హామీ చట్టాలు, రెండో సంస్కరణల కమిషన్. వరస చూస్తే తెలుస్తుంది, మన దగ్గర పరిశోధన సిద్ధాంతం వెంట కంటే చట్టం వెంట, కమిషన్ వెంట నడిచింది. ఇదొక లోపం అన్నట్టు మాట్లాడతారు గానీ, కొత్త చట్టం ఊళ్లో ఏం చేసిందో చూడటం చిన్న పనేమీ కాదు.

ఇప్పుడు మన జిల్లాల సంగతి. ఉపాధి హామీ 2006లో మొదలైనప్పుడు తొలి విడత 200 జిల్లాల్లో విజయనగరం ఒకటి. తర్వాత కొన్నేళ్లకి కూలి డబ్బులు, సామాజిక పింఛన్లు బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వాలని అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. దాని ప్రభావం తేల్చడానికి కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ ప్రభుత్వంతో కలిసి, ఏ మండలానికి ముందు కార్డులివ్వాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించి ప్రయోగం చేశారు. 8 జిల్లాలు, 157 మండలాలు, దాదాపు 1.9 కోట్ల జనాభా. ఆ 8 జిల్లాల్లో విజయనగరం ఉంది. కూలి డబ్బులు త్వరగా అందాయి, మధ్యలో కారిపోయే డబ్బు బాగా తగ్గింది, పని దొరకడమూ తగ్గలేదు, కొత్త పద్ధతే బాగుందని లబ్ధిదారుల్లో అత్యధికులు చెప్పారు. 2016లో ఈ వ్యాసం అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది, ప్రపంచమంతా దాన్ని ఉదహరిస్తోంది. ప్రభుత్వ సామర్థ్యం ఎలా పెరుగుతుంది అనేదే దాని ప్రశ్న, అంటే అచ్చంగా పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ప్రశ్న. కానీ వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఆ పత్రిక అర్థశాస్త్రం వర్గంలో ఉంటుంది కాబట్టి, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అనే వర్గం ఎంచుకుని డేటా దించినవాళ్ల మ్యాప్‌లోకి అది రాదు. వేరే ఎవరైనా ఉదహరిస్తే పాత వ్యాసాల మధ్య ఒక చుక్కగా రావచ్చు, అంతే. విజయనగరం అని వెతికినా లాభం లేదు, శీర్షికలో ఇండియా అని మాత్రమే ఉంటుంది.

ఇది ఒక్క వ్యాసం సంగతి అయితే పోనీ అనుకోవచ్చు. శ్రీకాకుళం గిరిజన పోరాటం తర్వాత, నాలుగో పంచవర్ష ప్రణాళిక కాలంలో, కేంద్రం ప్రయోగాత్మకంగా కొన్నిచోట్ల గిరిజనాభివృద్ధి ఏజెన్సీలు పెట్టింది, వాటిలో శ్రీకాకుళం ఒకటి. గిరిజన ప్రాంతానికంటూ విడిగా ఒక పాలనా యంత్రాంగం ఉంటే ఏమవుతుందో చూసిన తొలి చోట్లలో ఇదొకటి. ఐదో ప్రణాళికలో గిరిజన ఉపప్రణాళిక, దాంతోపాటు ఐటీడీఏలు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు) వచ్చాయి, పార్వతీపురం, సీతంపేట ఐటీడీఏలు ఆ వరసలోవే. కానీ శ్రీకాకుళం అనే మాట పరిశోధనల్లో వచ్చేది ఎక్కువగా ఉద్యమం గురించే. అది రాజనీతిశాస్త్రం, చరిత్ర పత్రికల్లో ఉంటుంది, ఏజెన్సీ పాలన గురించి రాసినవి మానవశాస్త్రం, గిరిజన అధ్యయనాల వైపు ఉంటాయి. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద రాసినవి ఎక్కువ వైద్య పత్రికల్లోవే. బోరు నీళ్లు, మట్టి, పురుగుమందులు అన్నీ అక్కడ చర్చకొచ్చాయి, కానీ ఊరూరికీ మంచినీళ్లు తెచ్చే పథకం ఏ శాఖ చేతిలో ఉండాలి, డయాలసిస్ కేంద్రాల నిర్వహణ ఎలా, పింఛనుకి అర్హత ఎవరు తేల్చాలి, ఆ కాగితం కోసం రోగి ఎన్నిచోట్లకు తిరగాలి అనేవి పాలనా ప్రశ్నలు, వాటిని పట్టుకున్నవాళ్లు చాలా తక్కువ. అలాగే 1997 చట్టంతో రాష్ట్రమంతా నీటి సంఘాలు వచ్చాయి, వంశధార, నాగావళి ఆయకట్టు రైతులు వాటిని బాగా ఎరుగుదురు. ఉమ్మడి వనరులను జనమే నిర్వహించుకోగలరని చూపించిన ఎలినార్ ఆస్ట్రోమ్‌కి 2009లో నోబెల్ వచ్చాక ప్రపంచమంతా ఆ టాపిక్ పెరిగింది, కానీ మన నీటి సంఘాల మీద వచ్చిన వ్యాసాలు ఎక్కువగా సాగునీటి రంగం పత్రికల్లోనే ఉండిపోయాయి.

రచయితల లెక్క దగ్గరకొస్తే మన పేర్లతో ఇంకో చిక్కు. డేటాబేసులు పేరులో చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటాయి. మన ఇంటిపేరు ముందుంటుంది, అది కూడా చాలాసార్లు ఒక్క అక్షరంగానే. దాంతో రావులు, నాయుళ్లు, బాబులు, మూర్తులు అందరూ ఒక కుప్పలో పడతారు. ఒకే అప్పలనాయుడు గారు మూడు పత్రికల్లో మూడు రకాలుగా అచ్చయితే ముగ్గురవుతారు, ముగ్గురు వేర్వేరు రామారావులు ఒక్కరవుతారు. ఎక్కువ రాసిన రచయితలు, ఎవరితో ఎవరు కలిసి రాశారు అని వేసే పట్టికల్లో తెలుగు పేర్ల వరకు వచ్చే అంకెలను చేత్తో సరిచూడకుండా నమ్మకూడదు. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే ఆర్కిడ్ (ORCID) నంబరు 2012లో మొదలైంది, అదే దీనికి మందు, ఉచితమే, పీహెచ్‌డీలో చేరిన రోజే తీసుకోవచ్చు.

తర్వాత సాఫ్ట్‌వేర్ అడిగే చిన్న ప్రశ్న ఒకటుంది: ఒక కీవర్డ్ కనీసం ఎన్నిసార్లు వస్తే చూపించమంటారు? చాలామంది ఐదు, పది అని పెట్టి ముందుకెళ్లిపోతారు. ఆ ఒక్క నొక్కుతో ఐటీడీఏ, గ్రామ సచివాలయం, సామాజిక తనిఖీ, నీటి సంఘం లాంటివన్నీ మాయమవుతాయి, గవర్నెన్స్, పాలసీ లాంటి ఎక్కడైనా అతికే మాటలు మిగులుతాయి. ఈ అంకె మార్చి రెండు మూడు సార్లు మ్యాప్ వేసి, ఏవి పోతున్నాయో వాటి జాబితా తీయడం గంట పని కూడా కాదు. ఆ పోయిన మాటల జాబితాయే చాలాసార్లు మంచి పరిశోధనాంశం ఇస్తుంది.

జిల్లా స్థాయి పరిశోధన అసలు లేదనుకుంటే పొరపాటు. మన యూనివర్సిటీల్లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్, సోషల్ వర్క్ థీసిస్‌ల శీర్షికలు చూస్తే చివర ఫలానా జిల్లా అధ్యయనం అని ఉండేవి బోలెడు. యూజీసీ 2009లో తెచ్చిన నిబంధన వల్ల థీసిస్‌లు శోధ్‌గంగలో పెట్టడం మొదలైంది, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దాన్ని నడుపుతోంది, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. స్కోపస్ మ్యాపుల్లో ఇవేవీ ఉండవు. నాణ్యత ఎగుడుదిగుడుగా ఉంటుంది, నిజమే. చాలావాటిలో మొదటి రెండు అధ్యాయాలు విల్సన్ నుంచి మిన్నోబ్రూక్ దాకా అప్పగింతలే. కానీ సర్వే ఉన్న అధ్యాయానికి వెళ్తే, ఫలానా ఏడాది ఫలానా మండలంలో కూలి డబ్బులు ఎన్ని రోజులకు అందాయో, సర్పంచికి నిజంగా ఏ అధికారాలున్నాయో, ఆఫీసర్ ఎన్నాళ్లకోసారి బదిలీ అయ్యాడో ఉంటుంది. ఇంకెక్కడా దొరకని సమాచారం అది.

ఇంకో పెద్ద మార్పు ఈ రంగం మొత్తానికి సంబంధించినది. 1940లో అమెరికాలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ రివ్యూ మొదలైన తొలి దశాబ్దాల్లో అందులో పనిలో ఉన్న అధికారులు కూడా బాగా రాసేవారు. క్రమంగా వాళ్లు తగ్గి ప్రొఫెసర్లే మిగిలారు, పద్ధతులు గట్టిపడ్డాయి, గణాంకాలు పెరిగాయి. మన దగ్గర అధికారుల అనుభవం అసలు పత్రికలదాకా వచ్చిందే తక్కువ. అది జీవోల్లో, సర్క్యులర్లలో, టూర్ నోట్స్‌లో, ఉపాధి హామీ సామాజిక తనిఖీ నివేదికల్లో ఉంది. సామాజిక తనిఖీ కోసం ఒక స్వతంత్ర సొసైటీయే ఏర్పాటు చేసిన రాష్ట్రం ఇది. ఊరూరా మస్టర్లు చదివి, మండల ప్రజావేదికలో అందరి ముందు తేల్చిన వివరాలు ఆ నివేదికల్లో ఉన్నాయి. వీటిని పరిశోధన కాదని పక్కన పెడితే, ఇక్కడి పాలన గురించి తెలిసినవాళ్లు రాసినదంతా పక్కన పెట్టినట్టే.

అంతర్జాతీయ ట్రెండ్స్ మనకు పనికిరావని ఇందులో ఎక్కడా లేదు. పాలనా భారం అనే భావననే తీసుకోండి. డొనాల్డ్ మొయినిహాన్, పమేలా హెర్డ్ వాళ్లు దీన్ని మూడు ముక్కలుగా విడదీశారు: పథకం గురించి తెలుసుకోవడానికి పడే కష్టం ఒకటి, కాగితాలు, ప్రయాణాలు, క్యూలు రెండోది, ఆ మీద మనసుకి కలిగే టెన్షన్, చిన్నతనం మూడోది. అమెరికా గురించి రాసినా, పలాసలో జీడి ఒలిచే ఆడవాళ్లకి ఇది సరిగ్గా అతుకుతుంది. జీడి నూనె తగిలి వేలి చర్మం పాడైతే మెషిన్ మీద వేలిముద్ర పడదు, పడేదాకా రేషన్‌కి మళ్లీ మళ్లీ వెళ్లాలి, వెళ్లిన ప్రతిసారీ ఆ పూట కూలి పోతుంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి పనికి దూరం వెళ్లిన కుటుంబాలకి ఈకేవైసీ కోసం ఊరికి రావాల్సి వస్తే రైలు ఖర్చు కూడా ఆ భారంలోకే వస్తుంది. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక ఈ మూడు భారాల్లో ఏది తగ్గింది, ఏది ఒకరి మీదనుంచి ఇంకొకరి మీదకు మారింది అనేది అమెరికన్ పత్రిక కూడా వేసుకోదగ్గ ప్రశ్న. లిప్‌స్కీ చెప్పిన కింది స్థాయి ఉద్యోగి విచక్షణ కూడా అంతే. సచివాలయంలోని డిజిటల్ అసిస్టెంట్ చేతిలో ఉన్న స్క్రీన్ ఆ విచక్షణను తగ్గించిందా, ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ దగ్గర నుంచి సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల దగ్గరికి మార్చిందా? భావన బయటి నుంచి తెచ్చుకోవచ్చు. ప్రశ్న మాత్రం ఇక్కడి పని చూసి పుట్టాలి, చుక్క పెద్దదిగా ఉంది కదా అని పుట్టకూడదు.

ఈ రెండు జిల్లాల పాలనా పరిశోధనకు ఒక సొంత మ్యాప్ తయారుచేయడం అసాధ్యమేమీ కాదు. ఒక ఎంఏ బ్యాచ్ కలిసి కూర్చుంటే చేయగలిగిన పని. స్కోపస్ ఒక్కటే కాకుండా శోధ్‌గంగ, గూగుల్ స్కాలర్, తనిఖీ నివేదికలు, తెలుగులో వచ్చిన వ్యాసాలు అన్నీ ఒకే పట్టికలో ఎక్కించాలి. పత్రిక ఏ వర్గంలో ఉందో చూడకుండా, వ్యాసం అడిగిన ప్రశ్నను బట్టి చేర్చాలి. స్వాతంత్ర్యానికి ముందు రికార్డుల కోసమైతే శ్రీకాకుళాన్ని చికకోల్ అని, 1936 వరకు గంజాం జిల్లా కింద, ఆ తర్వాత విశాఖపట్నం జిల్లా కింద వెతకాలి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది సరిహద్దుల దగ్గర. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, విజయనగరం 1979లో. కాబట్టి 1970లో శ్రీకాకుళం జిల్లా అని రాసిన వ్యాసంలో పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి కూడా ఉంటాయి. స్మార్ట్‌కార్డుల అధ్యయనం నాటి విజయనగరంలో పార్వతీపురం ఉంది. 2022 ఏప్రిల్ 4 తర్వాత అది పార్వతీపురం మన్యం జిల్లా, పాలకొండ వైపు మండలాలు శ్రీకాకుళం నుంచి అందులోకి వెళ్లాయి, రాజాం వైపువి విజయనగరంలోకి వచ్చాయి. 1985కి ముందు మండలాలే లేవు, తాలూకాలు, సమితులు ఉండేవి. 2011 జనాభా లెక్కలు పాత జిల్లాలతోనే ఉన్నాయి. జిల్లా పేరు ఒక్కటే ఎక్కించుకుంటూ పోతే 1970 నుంచి ఇప్పటిదాకా వేసే ఏ గ్రాఫ్ అయినా తప్పు చూపిస్తుంది, అందుకని ప్రతి ఎంట్రీకి మండలం, దాని పాత తాలూకా, సర్వే జరిగిన ఏడాది మూడూ మొదటి రోజు నుంచే రాసుకోవాలి.